ఎర్రదే పెద్దది

"ఏది పెద్దది?"

"ఎర్రది," అంది పాప తడుముకోకుండా.

తల్లి మురిసిపోయింది. వారం రోజులుగా ఇంట్లో అవే రెండు బంతులు. ఎర్రది పెద్దది, నీలంది చిన్నది.

నర్సరీలో మిగిలింది ఒక్క సీటు. ముందు వచ్చిన పిల్లకి ముందు పరీక్ష. ఆ పిల్ల తప్పితేనే రెండో పిల్లకి పిలుపు. అందుకే గేటు తీయకముందే వచ్చి నిలబడింది తల్లి.

వరండాలో ఖాకీ చొక్కా ముసలాయన ఒకడు కుర్చీ దుమ్ము తుడుస్తున్నాడు.

"ఇదిగో పెద్దాయనా, పాపకి మంచినీళ్ళు పట్టుకురా."

తెచ్చాడు.

తల్లి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ముసలాయన పాప ముందు చతికిలబడి ఉన్నాడు. చేతిలో రెండు పెన్సిళ్ళు, ఎర్రదొకటి, పచ్చదొకటి.

"ఏది పొడుగు తల్లీ?"

"ఎర్రది."

ఎర్రది బొటనవేలంత ఉంది.

"రంగు సంగతి వదిలెయ్. రెండూ బల్ల మీద నిలబెట్టు. పాదాలు సమానంగా. ఆఁ, ఇప్పుడు ఎవరి తల పైనుంది?"

పాప కళ్ళు విప్పార్చింది. "పచ్చదాని తల."

తల్లి పెన్సిళ్ళు లాక్కుంది. "వారం రోజుల కష్టం చెడగొడతావా? నౌకరువి, నీకెందుకయ్యా పంతులు వేషాలు?"

"రంగులు బట్టీ పట్టిందమ్మా. లోపల రంగు మారిస్తే..."

"నువ్వు లేస్తావా, నన్ను లోపల చెప్పమంటావా?"

లేచి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

లోపల హెడ్మిస్ట్రెస్ రెండు పుల్లలు బల్ల మీద పడేసింది. పొట్టిది ఎర్రది, పొడుగుది నీలంది.

"ఏది పొడుగు?"

పాప నోరు తెరిచి, మళ్ళీ మూసింది. రెండు పుల్లల్నీ నిలబెట్టింది. పాదాలు సమానం చేసింది.

"నీలంది."

"భలే. ఇలా చూడమని ఎవరు నేర్పారు?"

"నేనే," అంది తల్లి.

సీటు ఖాయమైంది. తల్లికి ప్రాణం లేచొచ్చింది, వెంటే నోరూ లేచింది.

"ఒక్క మాటండీ. మీ ఖాకీ చొక్కా నౌకరు పిల్లల జోలికి రాకుండా చూడండి. పొద్దున పాపకి ఏవో పెన్సిళ్ళ పాఠాలు చెప్తున్నాడు."

సంతకం పెడుతున్న కలం ఆగింది.

"పెన్సిళ్ళ పాఠాలా?" హెడ్మిస్ట్రెస్ నిలబెట్టి ఉన్న పుల్లల వంక చూసింది, తల్లి వంక చూసింది.

తల్లి తల దించుకుంది.

"ఒక్క సీటే ఉంది, ముందు మీ పాపకే అవకాశం అని ఆయనకి పొద్దున నేనే చెప్పానండీ," అంది హెడ్మిస్ట్రెస్ నెమ్మదిగా. "ఆ రెండో పిల్ల ఆయన మనవరాలే."