దొడ్డిదారి ఆట

తెల్లపావులతో ఆడుతున్న అమ్మాయి మొదట కుడి అంచు బంటును రెండు గళ్లు జరిపింది. తర్వాత ఎడమ అంచు బంటును. మూడో ఎత్తులో గుర్రాన్ని తెచ్చి బోర్డు అంచున నిలబెట్టింది.

ఎదురుగా కూర్చున్న టైలర్ చేతిలోని పావు జారి బల్ల మీద పడింది.

లైబ్రరీలో చదరంగం పోటీలు జరిపిస్తున్న లైబ్రేరియన్ వాళ్ల బల్ల దగ్గర ఆగి నవ్వాడు. “ఇదేం ఓపెనింగమ్మా? ఏ పుస్తకంలోనూ చూడలేదే.”

“దీని పేరు దొడ్డిదారండీ. అందరూ వీధిగుమ్మంలోంచి పోతే మనం దొడ్డిదారిన పోవాలి.”

ఆ మాట టైలర్ తమ్ముడిది. ఆ ఎత్తులూ వాడు కనిపెట్టినవే. ఇంట్లో మంచం మీద బోర్డు పరుచుకుని అన్నతో తప్ప వాడు ఎవరితోనూ ఆడి ఎరగడు. ఇరవై రెండేళ్ల క్రితం నడి ఏట్లో పడవ బోల్తా పడింది. అన్న ఒక్కడే ఒడ్డు చేరాడు. తమ్ముడి శవం కూడా దొరకలేదు. ఆనాటినుంచీ ఎవరైనా వాడి మాటెత్తితే టైలర్ లేచి వెళ్లిపోయేవాడు. తోడబుట్టినవాడంటే అంత ప్రాణమని బంధువులు కళ్లొత్తుకునేవారు.

ఆట సాగింది. అమ్మాయి గుర్రం చిక్కింది. ఇంకో నాలుగు ఎత్తుల్లో ముగించేయొచ్చు. టైలర్ చెవుల్లో నీళ్ల హోరు. చెయ్యి లేవడం లేదు.

“డ్రా చేసుకుందామా తల్లీ?”

“మీరే గెలుస్తున్నారు కదండీ.”

“నావల్ల కావడం లేదు.”

ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టారు. టైలర్ అడిగాడు. “ఈ ఆట నీకెవరు నేర్పారు?”

“మా నాన్న.”

“ఆయన కనుబొమ్మ మీద మచ్చ ఉందా?”

“ఉంది. చిన్నప్పుడు కుట్టుమిషన్ మీద పడ్డారట. మీకెలా తెలుసు?”

టైలర్ బల్ల అంచు పట్టుకున్నాడు. “నేను మీ నాన్నకు అన్నయ్యనమ్మా. నీకు పెదనాన్నని. వాడు బతికే ఉన్నాడా? మరి ఇన్నేళ్లూ ఇంటికెందుకు రాలేదు?”

అమ్మాయి మొహం విప్పారింది. గబగబా వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. గాజు తలుపు అవతల ఆమె నవ్వుతూ మాట్లాడటం, ఆ తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోవడం టైలర్ చూస్తూనే ఉన్నాడు.

తిరిగొచ్చింది. కూర్చోలేదు.

“ఏమన్నాడు? వస్తున్నాడా?”

ఆమె కాస్త వెనక్కి జరిగింది.

“ఆ రోజు నీళ్లలో నాన్న చెయ్యి విదిలించుకుంది మీరేనా?”