కోచ్ చూపు

ఓబులేసు కువైట్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో గడ్డి కోస్తాడు. ముసలి రష్యన్ కోచ్ గెన్నాడీ వారం రోజులుగా ఆటను వదిలేసి అతని నడకనే చూస్తున్నాడు. ఓబులేసు దాచుకున్న మోకాలి నొప్పి సంగతి బయటపడితే మేనేజర్ ఇంటికి పంపేస్తాడు.

"ఈయప్ప నా పనికే ఎసరు పెట్టేట్టుండాడు" అనుకున్నాడు ఓబులేసు.

ఇవాళ కోచ్ నేరుగా వచ్చి, వచ్చీరాని అరబ్బీలో, "కాలు చూపించు" అన్నాడు.

"నాకేం లేదు సార్."

కోచ్ వంగి తన ప్యాంటే పైకి లాగాడు. మోకాలి చుట్టూ పాత కుట్లు.

"నేనూ అలాగే అన్నాను. సోవియట్ కాలంలో స్ట్రైకర్‌ని. టీమ్‌లోంచి తీసేస్తారని నొప్పి దాచి ఆడాను. ఆ ఏడాది పందొమ్మిది గోల్స్ కొట్టాను. మోకాలు పూర్తిగా పాడై, ఇరవై ఆరేళ్లకే ఆట వదిలి కోచ్‌నయ్యాను."

ఓబులేసు అటూ ఇటూ చూసి, గడ్డి మీద కూర్చుని కాలు చాపాడు.