బట్టీకి దూరంగా ఒక వారం

"బూట్లు విప్పు. ఎక్కడికి బయల్దేరావు?"

పల్మీరా తలుపుకి అడ్డంగా నిలబడింది. ఆమె మొగుడు ఎవరిస్టో దొరికిపోయిన దొంగలా మంచం అంచున కూలబడ్డాడు.

"ఎక్కడికీ లేదే. ఒక్కసారి వెళ్ళి మన కొట్టు చూసి..."

"వెళితే ఇక వస్తావా? పిండిలో చెయ్యి పెట్టావంటే నువ్వు నాకు దక్కవు. వారం రోజులని మాటిచ్చావు. నోరు మూసుకుని సెలవు అనుభవించు!"

రొట్టెలు కాల్చడమే బతుకైన మనిషికి సెలవంటే శిక్షే మరి. ఎవరిస్టో రాత్రంతా బట్టీ దగ్గరుండి, తెల్లవారాక కొట్టు పైనున్న ఇంట్లో పడుకునేవాడు. అతను దుప్పటి కప్పుకునే వేళకి పల్మీరా కిందికి దిగి కొట్టు తెరిచేది. పెళ్ళైన దగ్గర్నుంచి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క పొద్దునైనా కాఫీ తాగిన పాపాన పోలేదు.

కూతురు ఓర్నెల్లా తండ్రి పని చూస్తూనే పెరిగింది. అయినా ఆ పిల్లని బట్టీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "పిండి నీ మాట వినదు" అనేవాడు. చూసి చూసి ఆమె విసిగిపోయింది. "వేసవి దాటేలోగా బట్టీ నా చేతికివ్వు. లేదంటే ఓడలో వంటపనికి పోతాను" అని తేల్చి చెప్పేసింది. పల్మీరా గుండెల్లో రాయి పడింది. తండ్రీకూతుళ్ళ మధ్య నలిగి నలిగి, చివరికి మొగుడి దగ్గర ఈ వారం రోజులు సంపాదించింది. ఈ వారం బట్టీ ఓర్నెల్లాది. ఆ తర్వాత ఏమవుతుందో ఆ మేరీమాతకే తెలియాలి.

ఇద్దరూ బస గదిలోంచి కిందికి దిగేసరికి యోలే ఫలహారాలు సర్దుతోంది. సముద్రం వైపు గదులు అద్దెకిచ్చి బతికే మనిషి ఆమె.

"నిద్ర పట్టిందాండీ? మా ఊరి గాలి పడిందాండీ?" అంది ఎక్కడలేని వినయం ఒలకబోస్తూ.

"పట్టకేం!" అంటూ ఎవరిస్టో రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. "ఇది చేసినవాళ్ళకి ఉప్పంటే ఏమిటో ఇంకా తెలీదు."

"ఎదురు కొట్టులోంచి తెచ్చానండీ. ఊరంతా అదే తింటోంది. నువ్వు కూడా వంకలు పెట్టకుండా... అదే, మీరు కూడా కాస్త జామ్ రాసుకుని తినండి."

పల్మీరా బల్ల కింద మొగుడి కాలు తొక్కింది. యోలే గబగబా వంటింట్లోకి తప్పుకుంది.

సముద్రపొడ్డున గొడుగులు అద్దెకిచ్చే గాస్పరే వాళ్ళకోసం మొదటి వరసలో గొడుగు తెరిచి ఉంచాడు. ఆగస్టు నెలలో మొదటి వరస దొరకడమంటే మాటలా! తాతల నాటి నుంచి పట్టుకుని వదలని కుటుంబాలుంటాయి.

"ఇది ఎవరిదో అయ్యుండాలే?" అన్నాడు ఎవరిస్టో.

"మా అన్నయ్యదేనండీ. 'పాపం, కొత్తవాళ్ళు, వాళ్ళనే కూర్చోనీ' అని వెనక వరసలోకి పోయాడు."

వెనక్కి తిరిగి చూస్తే ఆ అన్నయ్య టోపీ ఎత్తి పలకరించాడు. ఎవరిస్టో కళ్ళు చెమర్చాయి. "మనకోసం ఎందుకే వీళ్ళకి ఇంత శ్రమ?" అన్నాడు భార్యతో.

"ఇస్తే తీసుకోవడం కూడా నేర్చుకో" అంది పల్మీరా.

అతను పంట్లాం మడిచి నీళ్ళలో దిగాడు. అల మోకాళ్ళకి తగలగానే చిన్నపిల్లాడిలా కేకపెట్టాడు. పక్క గొడుగు కింద పార్మా నుంచి వచ్చినావిడ నవ్వింది.

"సముద్రానికి కొత్తా? చాలా దూరం నుంచి వచ్చారా?"

"మా ఆవిణ్ణి అడగండి. నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చేసరికి దానికి తలప్రాణం తోకకొచ్చింది."

ఆ వారమంతా అలాగే గడిచింది. చేపలమ్మే మనిషి, కొత్తవాళ్ళు రుచి చూడాలంటూ ఇన్ని చేపలు పంపించాడు. ఒక ముసలావిడ తోటలోని అత్తిపళ్ళు కోసి తెచ్చి, చేతిలో పెట్టి, ఎవరిస్టో బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. రోజూ పొద్దున మాత్రం రొట్టె మీద తీర్పు తప్పలేదు. ఒకనాడు "ఉప్పు కుదిరింది, అడుగు మాడింది" అన్నాడు. మర్నాడు "ఇంకాస్త పొంగనివ్వాలి" అన్నాడు. ఆ తర్వాత ఉత్తినే "ఊఁ" అన్నాడు. అతను రొట్టె తుంచినప్పుడల్లా పల్మీరా ఊపిరి బిగబట్టేది.

చివరి రోజు ఎవరిస్టో తన రొట్టె తిని, భార్య పళ్ళెంలోదీ లాక్కుని తిన్నాడు. ఏ వంకా పెట్టలేదు.

"ఇంకో కాఫీ తాగుదామా?" అన్నాడు చివరికి.

"ఇక బయల్దేరాలి కదా! నీ బట్టీ నీకోసం..."

"బట్టీ నాదెక్కడిదే? ఇకనుంచి ఓర్నెల్లాది. పొద్దుటిపూట నాకు నీతో పనుంది."

"మరి ఓడ?" అంది పల్మీరా.

"ఓడలోవాళ్ళు బిస్కెట్లు తిని బతుకుతార్లే!"

పల్మీరా ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. మేరీమాతకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

వెళ్ళేముందు ఎవరిస్టో యోలే రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఊరంతా కలిసి నన్ను కూర్చోబెట్టి మేపారు. మీ మేలు బతికినంతకాలం మర్చిపోను."

"అంత మాటెందుకండీ!" అంది యోలే కళ్ళు తుడుచుకుంటూ. "క్షేమంగా వెళ్ళిరండి. చేరగానే కబురు చేయండి."

పల్మీరా పెట్టె అందుకుంది. ఎవరిస్టో ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దిగాడు.

వీధి దాటగానే ఎదురు కొట్టూ, దాని పైన తమ ఇల్లూ వచ్చేశాయి.