కుందేలు పీకిన మొక్క

పొగాకు పండించే కుందేలు దగ్గరికి దేశాలు తిరిగే కొంగ వచ్చింది. "ఈ పంట ఒంటికి చేటు, మానెయ్యమ్మా. శనగ వేసుకో," అంది.

పొగాకు కొనే నక్క గట్టు మీదే కూర్చుని వింటోంది. "మానేస్తే ఈ అడవిలో నీ పంట ఎవ్వరూ కొనరు," అంది మెల్లగా.

కుందేలు కొంగ వైపు తిరిగింది. "నువ్వు రేపు ఎగిరిపోతావు. నేనిక్కడే బతకాలి కదా," అంది కొంగతో.

కొంగ తల దించుకుంది. "నిజమే. శనగ చేతికొచ్చేదాకా నీతోనే ఉంటాను."

కుందేలు ఇంకా జంకుతూనే ఉంది. ఇంతలో చేలో మంచుకు తడిసిన పొగాకు కోస్తున్న దాని కూతురు వాంతి చేసుకుని సాలులో కూలబడింది.

"తడి ఆకులోని విషం చర్మంలోంచి ఒంటికి పట్టింది," అంది కొంగ.

కుందేలు పరుగెత్తి బిడ్డను గట్టు మీదికి చేర్చింది. నక్క అంటే భయం ఇంకా పోలేదు. అయినా, నక్క చూస్తుండగానే, మొదటి పొగాకు మొక్కను వేళ్లతో సహా పీకేసింది.