తెగిన చీమలబారు

అడవికి అంటురోగం వచ్చింది. ఎవరు నడిచినా మధ్యలో ఏనుగు పట్టేంత ఎడం ఉండాలని సింహరాజు చాటింపు వేయించాడు.

ముసలి చీమ ఒకటి మంత్రిగారైన నక్క దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, మాకు చూపు సరిగా ఆనదు. ముందు నడిచినవాళ్ల వాసన పట్టుకునే ఇల్లు చేరతాం. అంత ఎడం ఉంటే ఆ వాసన పోతుంది."

"రూలంటే రూలే. నీకొకటి, ఏనుగుకొకటి పెట్టమంటావా?" అంది నక్క. దాని వెనకాలే రాజుగారి బావమరిది పెళ్లి ఊరేగింపు ఒకరినొకరు ఒరుసుకుంటూ పోతోంది.

చేసేది లేక చీమలు విడివిడిగా మేతకు వెళ్లాయి. మధ్యాహ్నానికి ఇంకో చాటింపు వచ్చింది. పొద్దు వాలేలోగా ఎవరిళ్లలో వాళ్లుండాలట, బయట కనిపిస్తే తొక్కించేస్తారట.

చీమలు నోట కరిచిన నూకలతోనే దారి వెతుక్కున్నాయి. ఎక్కడా వాసన లేదు. తిరిగినచోటే తిరిగాయి.

పొద్దు వాలింది. కాపలా దున్నపోతు వచ్చింది. ముసలి చీమ దానికి ఎదురెళ్లి, "బాబూ, మా పుట్ట ఎటువైపో కాస్త చెప్పు. వెళ్లిపోతాం," అని బతిమాలింది.

"ఇంట్లో ఉండమంటే షికార్లు తిరుగుతున్నారా?" అంటూ దున్నపోతు గిట్ట ఎత్తింది.

మర్నాడు నక్క అడవంతా గర్వంగా చాటించింది: "మన రాజుగారి చలవ వల్ల, చీమల్లో రోగంతో చచ్చింది ఒక్కటి కూడా లేదు!"