రాయి కరగని చేను

"రాతిపొడి కరగలేదు. చోడి మొక్కలకు భాస్వరం అందడం లేదు," అంది చేలో పాతిన మేకు.

కొండ మీద ప్రతి చేనుకూ అలాంటి మేకు ఉంది. మట్టి సంగతి మనిషి గొంతుతో చెబుతుంది. భాస్వరపు రాయి అరుదైపోయాక ఇంటికి ఏడాదికి ఒక్క బస్తా పొడే ఇస్తున్నారు. జమున ఇంటి బస్తా మొత్తం ఈ చేలోనే ఉంది. అది కరగకపోతే ఈ ఏడు చోడి గింజ ఉండదు.

"పుల్లటి నేలలోనే కదే ఆ రాయి కరిగేది. అంత సున్నం చల్లావేం?" అంది అత్త సుక్రి.

"పులుపు తగ్గితే పంట బాగుంటుందనుకున్నాను అత్తా."

"కూరలో ఉప్పూ అలాగే వేస్తావు."

జమున సిగ్గుతో మేకు మీద గోనెసంచి కప్పేసింది. కానీ మేకులు మట్టిలోంచి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎండెక్కేసరికి ఊరు ఊరంతా మాగిన ఆకుఎరువు గంపలతో గట్టు మీద నిలబడింది.

"పొద్దుట్నుంచీ మా మేకుది నీ గోలే. దాని నోరు మూయించడానికైనా రావాలిగా," అన్నాడు పక్క చేను బుద్రు మామ.

నేలకు మళ్లీ పులుపెక్కేలా మొక్కల మొదళ్లలో ఎరువు కలిపి వెళ్లిపోయారు. సాయం చేసినవాళ్లు చేను కోలుకునేదాకా ఆ ఇంటి అంబలి ముట్టరు. అది ఊరి కట్టుబాటు. అందుకే రోజూ ఎవరో ఒకరు వచ్చి, "మేకు ఏమందే?" అని అడిగి వెళ్లేవారు.

ఒక పొద్దున మేకు చెప్పింది: "రాయి కరుగుతోంది."

జమున అంబలి కుండ నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి గట్టు నిండా జనం. మొదటి ముంత మేకు మొదట్లో పోసింది.

"దానికి నోరే గానీ కడుపు లేదే," అన్నాడు బుద్రు.

"తెలుసు మామా," అని రెండో ముంత ఆయన చేతికిచ్చింది.