తొంభై దాటని లాప్‌టాప్

"తొంభై ఆరు" అంది మనోజ్ఞ, తెర మూలనున్న అంకె చూస్తూ. "ఇంకొంచెం ఎక్కితే ఆగిపోతుంది."

అనడమే తరువాయి, తెర నల్లబడింది. లాప్‌టాప్ ఫ్యాను ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది.

వెంటనే ఫోన్ మోగింది. మంగళగిరి నుంచి స్టెల్లా, ఆన్‌లైన్ ఆటలో ఆమె జట్టు కెప్టెన్.

"మళ్ళీనా?"

"ప్రాక్టీసేగా."

"ప్రాక్టీసు కాబట్టే తిట్టట్లేదు. ఆదివారం సెమీఫైనల్. మధ్యలో నీ లాప్‌టాప్ పడుకుందంటే నలుగురం ఇంటికే. ఈలోపు దాన్ని చల్లబరిచే దారి చూడు. లేదంటే నీ బదులు హర్షవర్ధన్‌ని దించుతాను. ఏమనుకోకు."

"చూస్తాలే."

"గదిలో ఏసీ పెట్టించుకోరాదటే?"

"అడిగాను. తమలపాకులకే ఏసీ లేదు, నీ డబ్బాకెందుకన్నాడు నాన్న."

మనోజ్ఞ తండ్రి పూర్ణచంద్రరావుకి విజయవాడ వన్‌టౌన్‌లో తమలపాకుల హోల్‌సేల్ కొట్టుంది. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొస్తాడు, ఒంటినిండా తడి గోనె వాసనతో. అన్నం తిని ఒక నిద్ర తీయడం ఆయన అలవాటు. కూతురి గదిలో తుపాకుల మోత మొదలయ్యాక ఆ నిద్ర కాస్తా పోయింది.

"ఏంటి, మళ్ళీ చచ్చిందా నీ డబ్బా?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

"చావలేదు. వేడెక్కింది. తొంభై ఆరు డిగ్రీలు."

"ఇంకేం, దాని మీదే పప్పు పడేస్తే సరి. మీ అమ్మకి గ్యాసు కలిసొస్తుంది."

"నవ్వకు నాన్నా. ఆదివారం గనక ఆగిపోయిందంటే నన్ను టీంలోంచి తీసేస్తారు."

"తీసేస్తే మంచిదే. నాకో కునుకు దక్కుతుంది." మజ్జిగ పోసుకున్నాడు. "ఇంతకీ ఈ కాల్పులు రోజూ ఎన్నింటికి?"

"మూడింటికి."

"అయితే రేపట్నుంచి అన్నం తిని బయటికి పోతాను. ఈ గోలలో నా వల్ల కాదు."

అన్నట్టే మర్నాటి నుంచి చెయ్యి కడుక్కోగానే తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండనపడి వెళ్ళిపోయాడు. మనోజ్ఞ పట్టించుకోలేదు. ఆమె పని ఆమెకుంది.

పాత దుప్పటి పరిచి, లాప్‌టాప్ బోల్తా వేసి, అడుగు రేకు విప్పింది. ఫ్యాను రెక్కల్లో దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. రంగుల బ్రష్షుతో దులిపింది. చిప్ మీద ఎండి పెచ్చులు కట్టిన, వేడిని లాగే పేస్టు గీకేసి కొత్త పేస్టు పూసింది. కిందనుంచి గాలి ఆడేలా వెనకవైపు రెండు క్యారమ్స్ స్ట్రైకర్లు ఎత్తు పెట్టింది. ఆటలో నీడలూ నీళ్ళ మెరుపులూ తగ్గించేసింది.

ఆ మధ్యాహ్నం ఎనభై ఏడు.

"అమ్మా, ఎనభై ఏడు" అని వంటింట్లోకి కేకేసింది.

"మార్కులా?" అంది తల్లి రమాసుందరి.

"మార్కులకన్నా ఎక్కువ."

ఒక్కటే ఆమెకి అంతు చిక్కలేదు. శనివారం పొద్దున్నే ఆడి చూస్తే తొంభై మూడు. అదే లాప్‌టాప్, అదే ఆట, ఎండ నిప్పులు చెరిగే మూడింటికి ఎనభై నాలుగు.

"పేస్టు కుదురుకోవడానికి టైం పడుతుంది" అని తేల్చింది స్టెల్లా. మనోజ్ఞ కూడా అదే అనుకుంది.

ఆ సాయంత్రం రమాసుందరి భర్త అరికాళ్ళకి కొబ్బరినూనె రాస్తోంది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"చెప్పు తెగింది. కొట్టుదాకా నడిచాను" అన్నాడాయన.

"ఆటో ఎక్కలేరా? మీకు తోడు ఆ ట్యాంకొకటి. పొద్దున నింపితే సాయంత్రానికి చుక్క ఉండట్లేదు. ఎక్కడో కారుతోంది, ప్లంబర్ని పిలవండీ అంటే వినరు."

"పిలుస్తాలే, సోమవారం."

ఆదివారం పూర్ణచంద్రరావు గబగబా నాలుగు ముద్దలు తిని లేచాడు.

"ఇవాళ ఎంతసేపు?"

"గెలిచేదాకా" అంది మనోజ్ఞ.

"అయితే నేను సాయంత్రం దాకా రాను" అని తువ్వాలు చుట్టుకుని బయటపడ్డాడు.

పెద్ద ఆట కాబట్టి ఈసారి ఆమె హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. ఇక ప్రపంచం వినబడదు.

చివరి ఆటలో ముందు స్టెల్లా పోయింది. తర్వాత మిగతా ఇద్దరూ. అటు ముగ్గురు, ఇటు మనోజ్ఞ ఒక్కతే. వారం కిందటైతే లాప్‌టాప్ సరిగ్గా ఇక్కడే కన్ను మూసేది. మూలనున్న అంకె చూసింది. ఎనభై ఒకటి. ఇక దాని వంక చూడలేదు. గోడ చాటున ఒకడిని, మెట్ల మీద ఒకడిని, పారిపోతున్న మూడోవాడిని కొట్టింది.

చెవుల్లో స్టెల్లా కేక. "ఏం చేశావే దానికి?"

"దులపాల్సింది దులిపాను, పూయాల్సింది పూశాను" అంది మనోజ్ఞ గర్వంగా. "వీడియో చేద్దాం. మే నెలలో, బెజవాడలో, ఏసీ లేకుండా లాప్‌టాప్‌ని చల్లగా ఉంచడం ఎలా. చెప్పేది నేనే."

"చెప్పు తల్లీ. ఫైనల్స్‌కి నువ్వే. హర్షకి చెప్పేస్తాను."

డబ్బా గెలిచిందని నాన్నకి వెంటనే చెప్పాలనిపించింది. హెడ్‌ఫోన్స్ తీసి ఫోన్ చేసింది. రింగు ఇంటిపైనుంచి వినబడింది.

మేడ మెట్ల దగ్గర ఆయన చెప్పులున్నాయి. రెండూ బాగానే ఉన్నాయి. ఎక్కడా తెగలేదు.

పైకి పరుగెత్తింది. పూర్ణచంద్రరావు ట్యాంకు నీడలో, ఒట్టికాళ్ళతో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు.

"గెలిచావా?"

"గెలిచాను."

"ఎంతకెక్కింది?"

"ఎనభై ఒకటి దాటలేదు."

ఆయన మీసం దువ్వుకున్నాడు. "పేస్టు మంచిదే అయ్యుంటుంది" అన్నాడు.

సరిగ్గా ఆమె గది పైన, స్లాబు నిండా తడి గోనె సంచులు పరిచి ఉన్నాయి.